సోమశిల నీళ్లలో కొండల నీడ: వాటర్ కలర్‌లో వేయడం ఎలా

నెల్లూరు జిల్లాలో పెన్నా మీది సోమశిల డ్యామ్ కట్ట మీద నిలబడితే నీళ్లు పడమటికి పరుచుకుని ఉంటాయి, అటూ ఇటూ వెలిగొండలు. పొద్దున ఎండ మన వీపు మీదుగా వెళ్లి కొండల మీద నేరుగా పడుతుంది. మడతలన్నీ కనిపిస్తాయి గానీ బొమ్మ చప్పగా వస్తుంది. పొద్దు వాలేటప్పుడు అవే కొండలు వెలుతురుకు అడ్డం పడి ఒకే ముద్దయిపోతాయి. వేయాల్సింది అప్పుడు.

బొమ్మలో మూడ్, అది దిగులైనా, వాన ముందటి బరువైనా, రంగు కంటే ముందు ముదురు లేతల తేడాలోనే తెలిసిపోతుంది. అరచేతంత కాగితం మీద పెన్సిల్‌తో మూడే టోన్లు వేసి చూసుకోండి: ఆకాశం లేత, దూరపు కొండ మధ్యరకం, దగ్గరి ఒడ్డు ముదురు. అక్కడ రాని మూడ్ రంగులేసినా రాదు.

పేపర్ 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్, 11×15 అంగుళాలు. రంగులు అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్. మొదటి రెండూ కలిపితే మంచి మబ్బురంగు వస్తుంది. నలుపు ట్యూబు జోలికి పోవద్దు.

పేపరంతా తడిపి ఆకాశానికీ నీళ్లకీ కలిపి ఒకే వాష్ (పల్చటి రంగు పూత) వేయండి. తడి మెరుపు పోయి, వేలి వెనక్కి ఇంకా చల్లగా తగిలేటప్పుడు దూరపు కొండ వేయాలి, రంగు చిక్కగా ఉండాలి. అది నీళ్లగా ఉంటే కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి మరకలు తేలతాయి. కొండ అడుగున శుభ్రమైన తడి బ్రష్ ఒక్కసారి లాగితే మంచు పట్టినట్టు కరిగిపోతుంది. మన ఎండాకాలంలో ఈ అదను రెండు మూడు నిమిషాలు కూడా ఉండదు, అందుకే పేపర్ వెనక కూడా తడిపి ప్లాస్టిక్ షీటుకు అంటించుకోండి.

ఎక్కువమంది తప్పేది నీడ దగ్గర. మనం రెండిటినీ నీడే అంటాం గానీ, ఎండకు పడే నీడ వాలుతుంది, నీళ్లలో నీడ వాలదు. సూర్యుడు ఎటున్నా అది కొండ కింద నిట్టనిలువుగానే దిగుతుంది. ముదురు కొండ నీళ్లలో కాస్త లేతగా, వెలుగున్న ఆకాశం కాస్త ముదురుగా కనిపిస్తాయి.

బాగా ఆరాక, చదును బ్రష్ తడిపి పిండి, కొండ పాదానికి కాస్త కింద అడ్డంగా ఒక గీత రుద్ది టిష్యూతో అద్దండి. గాలి తగిలిన నీళ్లు అవే. గీత ఏమాత్రం వాలినా నీళ్లు ఒక పక్కకు ఒలికిపోతున్నట్టుంటాయి. నీలానికి అల్ట్రామెరైన్ బదులు పేపర్‌కి పట్టేసే థాలో బ్లూ వాడి ఉంటే మాత్రం ఎంత రుద్దినా వదలదు, పేపర్ పైపొర లేస్తుంది.