విజిలెన్స్‌కి లంచం మీద ఫిర్యాదు ఇచ్చినా కేసు నిలబడట్లేదా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు సమస్య - పరిష్కారం

సమస్య: ఫోన్ చేస్తే "మా పరిధి కాదు" అన్నారు

పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటోలో పోయేంత దూరం. వాట్సాప్‌లో మనకొచ్చే నంబరు కూడా ఆంధ్రదే. అది ఆంధ్ర ఏసీబీది (అవినీతి నిరోధక శాఖ). ఒడిశా తహసీల్ ఉద్యోగి మీద వాళ్లు చేయగలిగింది లేదు. ఇక్కడ లంచం కేసులు చూసే ఒడిశా విజిలెన్స్‌కి చెప్పాలి, 1064. గజపతి, గంజాం వాళ్లకు బ్రహ్మపురం డివిజన్. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వాళ్లకు కోరాపుట్ డివిజన్. రైల్వే, పోస్టాఫీసు లాంటి కేంద్ర ఉద్యోగులైతే సీబీఐకి వెళ్లండి.

సమస్య: రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకున్నారు, అయినా కేసు వీగిపోయింది

మన దగ్గర ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే.

మా బంధువు ఒకాయన భూమి మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కోసం తిరిగాడు. ఏ ఆఫీసో ఎందుకులెండి. గుమాస్తా తెలుగులోనే, "ఏమయ్యా, ఉత్త చేతులతో వచ్చావా?" అని మూడు వేళ్లు చూపించాడు. ఫిర్యాదు ఒడియాలో రాశారు: "మూడు వేలు ఇమ్మని అడిగాడు." ఈయన సంతకం పెట్టేశాడు. వలపన్నిన రోజు గుమాస్తా చేతులు కడిగిస్తే నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి, అంటే పొడి పూసిన నోట్లు ముట్టుకున్నట్టే. తీరా కోర్టులో డిఫెన్స్ లాయరు అడిగితే మావాడు నిజమే చెప్పాడు: "నోటితో అనలేదండీ, వేళ్లు చూపించాడు." కాగితం ఒకటి, సాక్ష్యం ఒకటి.

కారణం: డబ్బు దొరికితే చాలదు, అడిగినట్టు రుజువు కావాలి. సుప్రీంకోర్టు ఈ మాట చాలాసార్లు చెప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా మిగతా సాక్ష్యాలతో లంచం అడిగినట్టు తేల్చవచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ ఆ మిగతా సాక్ష్యం ఎవరిది? పక్కన నిలబడి మాటలు వినే సాక్షిది. ఆయనకు తెలుగు రాకపోతే ఏం విన్నట్టు?

పరిష్కారం: అడిగిన రోజు రాత్రే అతను అన్న మాట అన్నట్టుగా, సైగతో సహా, తెలుగులో రాసుకోండి. ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు కూడా. ఆ కాగితాన్ని ఫిర్యాదుకు జతచేయమని అడగండి. ఒడియాలో రాసింది తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, వదలొద్దు. మీతో పంపే సాక్షి తెలుగు తెలిసినవాడై ఉండాలని ముందే గట్టిగా చెప్పండి. మొహమాటపడితే తర్వాత బాధపడేది మీరే. కోర్టులో తెలుగులోనే సాక్ష్యం చెప్తానని, అనువాదకుణ్ణి ఇమ్మని కోరండి.

సమస్య: డబ్బు ఇచ్చేశాం, ఇప్పుడు చెప్తే మనమే ముద్దాయిలమా?

అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా చెప్తే మినహాయింపు ఉంది. "పండగ వెళ్లాక చూద్దాం" అనుకోకండి. ఇవ్వకముందే విజిలెన్స్‌కి చెప్పి, వాళ్ల సూచనతో ఇస్తే ఆ టెన్షనే లేదు.

సమస్య: అరెస్టయ్యాడు, నెలలైనా విచారణ మొదలుకాలేదు

తరచూ ఫైలు ఆగేది ప్రాసిక్యూషన్ అనుమతి (ఉద్యోగిని కోర్టులో విచారించడానికి అనుమతి) దగ్గర. సొంత శాఖే తన ఉద్యోగి మీద అనుమతి ఇవ్వాలి మరి, తీరిగ్గా ఇస్తుంది. అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు మూడు నెలలు, ఇంకో నెల పెంచవచ్చు. ఫైలు శాఖకు ఏ తేదీన వెళ్లిందో విజిలెన్స్ డివిజన్ ఆఫీసులో అడిగి రాసుకోండి. నాలుగు నెలలు దాటితే ఆ తేదీ చూపించి శాఖాధిపతికి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి, రసీదు దాచుకోండి.