ఒక్క నలుపుతో పుస్తకం అట్ట: ఫైలు ఎలా తయారు చేయాలి

ఏకరంగు అచ్చులో బూడిదరంగు ఇంకు ఉండదు. అట్ట మీద బూడిదగా కనిపించేదంతా నల్ల చుక్కలే. రంగుల అచ్చుకు కావాల్సిన నాలుగు ప్లేట్ల బదులు ఒక్కటే కాబట్టి ఖర్చు తగ్గుతుందని చాలామంది దీన్ని ఎంచుకుంటారు. కానీ అసలు లాభం వేరే ఉంది. రంగు లేకపోతే కంటికి మొదట ఆనేది ఆకారం, ఆ తర్వాత దాని చుట్టూ వదిలిన ఖాళీ.

అందుకే ముందు అగ్గిపెట్టె సైజులో చిత్తు గీయండి. తెలుపు, నలుపు, 40 శాతం బూడిద, అంతే. తెలుపూ నలుపూ సరిసమానంగా ఉంటే అట్ట చప్పగా తేలుతుంది. ఏదో ఒకటి మూడింట రెండొంతులు ఆక్రమించాలి.

ఫోటోను నేరుగా గ్రేస్కేల్‌కి, అంటే బూడిద ఛాయలకి, మార్చకండి. పచ్చని ఆకుల ముందున్న ఎర్రచీర ఆకుల్లోనే కలిసిపోవచ్చు, రెండూ ఒకే బూడిదగా మారతాయి. ఫోటోషాప్‌లో బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి ఎరుపు పెంచి, ఆకుపచ్చ తగ్గించండి. ఆకుల్లో పసుపు కూడా ఉంటుంది, దాన్నీ కాస్త తగ్గించాలి. ఆకాశం కోసం నీలాన్ని మరీ కిందికి లాగితే మాత్రం గరుకు తేలుతుంది. అచ్చులో ఇంకు పాకి చుక్క లావవుతుంది, బొమ్మ నల్లబడుతుంది, పూత లేని కాగితం మీద మరీను. కాబట్టి నడిమి ఛాయలను తెర మీద కనిపించాల్సిన దానికన్నా కాస్త తేలిక చేయండి. వివరం ఉండాల్సిన నీడలు 90 శాతం దాటకూడదు. ఫోటోకి అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు. గీత బొమ్మను మాత్రం 1200 డీపీఐ బిట్‌మ్యాప్‌గా (బూడిద లేకుండా నలుపు, తెలుపు మాత్రమే) ఉంచాలి. గ్రేస్కేల్‌లో వదిలేస్తే గీత అంచులు చుక్కలుగా విరుగుతాయి.

తెలుగు అక్షరాల దగ్గరే ఎక్కువ దెబ్బ తగులుతుంది. నలుపు మీద తెల్లక్షరాలు వేస్తే, ఇంకు నాలుగు వైపుల నుంచీ లోపలికి పాకుతుంది. ఠ లోపలి చుక్క పూడితే అది ర అవుతుంది. ధ కింది గీత పోతే ద మిగులుతుంది. చిన్న ఒత్తులూ అంతే. రివర్స్ అక్షరాలు 12 పాయింట్లకు తగ్గకుండా, బోల్డ్‌లో ఉండాలి. సన్నని ఫాంటు ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. చిన్న అక్షరాలకు బూడిద ఛాయ కూడా వద్దు, 100 శాతం నలుపే ఇవ్వండి.

పీడీఎఫ్ పంపే ముందు అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి, నలుపు ప్లేటు ఒక్కదాన్నీ ఆపేయండి. పేజీలో ఇంకా ఏమైనా మిగిలితే అది మిగతా రంగు ప్లేట్లకు కూడా చీలిపోయింది, తరచూ అది ఆర్‌జీబీ (తెర రంగుల) నలుపే. దాన్ని సరిచేయండి.

అట్టంతా నలుపైతే రెండు చిక్కులు. ఒకే నలుపు పెద్ద జాగాలో వెలిసినట్టు, మచ్చలుగా పడొచ్చు. రెండోసారి నలుపు వేయడం కుదురుతుందేమో ప్రెస్సువాళ్లను అడగండి, గ్లాసీ (మెరిసే) లామినేషన్‌తోనూ నలుపు చిక్కబడుతుంది. మెరుపు లేని మ్యాట్ అయితే వేలిముద్రలు కనిపిస్తాయి. పుస్తకం వీపు (స్పైన్) దగ్గర మడతలో ఇంకు పగిలి తెల్లగీత తేలడం రెండోది. లామినేషన్ లేకుండా నల్ల వీపు పెట్టకపోవడమే మేలు.

లేజర్ ప్రింటు చూసి సరేననకండి. టోనర్ నలుపు వేరు, ఇంకు నలుపు వేరు. అదే ప్రెస్సులో, అదే కార్డు మీద గతంలో వేసిన నల్ల అట్ట ఒకటి అడిగి తెప్పించుకుని చూడండి.