ఇంటర్ పూర్తయిన పిల్లలకు సొంతంగా బతకడం ఎలా నేర్పాలి?

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిశాక ఇంజినీరింగ్ లేదా డిగ్రీ తరగతులు మొదలయ్యేదాకా దాదాపు ప్రతి ఇంట్లోనూ కొన్ని వారాల వ్యవధి దొరుకుతుంది. రెండేళ్లు కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఉండి వచ్చిన పిల్లలకు ఇంటికి దూరంగా ఉండటం అలవాటైందని తల్లిదండ్రులు అనుకుంటారు గాని, గంట కొడితే భోజనం, గంట కొడితే చదువు అన్నట్టు సాగే ఆ చోట వారు సొంతంగా నిర్ణయించుకునేది దాదాపు ఏమీ ఉండదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో గది తీసుకుని ఉండబోయే అమ్మాయికైనా అబ్బాయికైనా పనులు నేర్పడానికి ఈ వేసవే తగిన సమయం. పక్కన నిలబడి చెబుతూ ఉన్నంతకాలం ఆ పని మనదే. పూర్తిగా అప్పగించి తప్పుకున్నప్పుడే అది వారిదవుతుంది.

ముందుగా మూడు రోజులపాటు, పిల్లల కోసం మీరు చేసిపెడుతున్న పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. మంచం మీది తడి తువ్వాలు తీసి ఆరేయడం, ఫోను రీచార్జి చేయించడం, ఉదయం నాలుగుసార్లు పిలిచి లేపడం వంటివి కూడా రాస్తే జాబితా మీరు ఊహించిన దానికంటే పొడవుగా తేలుతుంది. వాటిలో లేపడం మాత్రం ఆ రోజే మానేయండి.

తర్వాత వంట. అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు చాలు. బిర్యానీ కావాలంటే యూట్యూబ్ చూసి వారే చేసుకుంటారు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోయాలని, పాత బియ్యమైతే మరికొంచెం పట్టవచ్చని ఒకసారి చూపించి, మరునాటి నుంచి వంటింట్లోకి వెళ్లకండి. కుక్కర్లో పప్పు, నీళ్లు కలిపి సగానికి మించకూడదని, పొంగిన పప్పు ఆవిరి దారికి అడ్డుపడితే ప్రమాదమని, ఆవిరి పూర్తిగా పోయాకే మూత తీయాలని మాత్రం ముందే చెప్పాలి. అన్నం మాడితే ఆ గిన్నె మాడ్చినవారే తోమాలి.

గ్యాసు విషయంలో తప్పులు చేసి నేర్చుకోనివ్వడం కుదరదు. వంటగ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి లీకైతే నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. వాసన తగలగానే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి. ఏ స్విచ్చీ వేయకూడదు, తీయకూడదు. బయటికి వచ్చాక 1906కు ఫోను చేయాలి. కళ్లు మూసుకుని రెగ్యులేటర్ కట్టేయమని ఒకటికి రెండుసార్లు చేయించి చూడండి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది డబ్బు. కూరగాయలకు, పాలకు, సరుకులకు నెలకు ఎంతవుతుందో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ఒకటో తారీఖున ఒకేసారి చేతికిచ్చి, ఖర్చులు నోటుపుస్తకంలో రాయమనండి. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే మళ్లీ ఇవ్వకండి. మిగిలిన పది రోజులూ ఇంట్లో ఉన్న పప్పులతో, ఆవకాయతో గడిచిపోతాయి. ఇంటిల్లిపాదీ పచ్చడి మెతుకులు తినవలసి వచ్చినా తినండి, ఎందుకంటే ఇదే పాఠం పరాయి ఊళ్లో నేర్చుకుంటే అప్పుతో మొదలవుతుంది. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే తప్ప అందుకోవడానికి కాదని, 'మీకు సొమ్ము వస్తుంది, పిన్ కొట్టండి' అన్నవాడు మోసగాడేనని, మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయాలని చెప్పండి. కరెంటు మీటరు కూడా వారి చేతే చూపించండి. 2000 వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్ అవుతుందన్న సంగతి మీటరు దగ్గర నిలబడి చూసినవారికి గుర్తుంటుంది.

బట్టలు ఉతకడం రెండు రోజుల పని. రంగు దిగేవాటిని విడిగా నానబెట్టడం తెలిస్తే చాలు.

జ్వరం చూసుకోవడం, ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తంగా ఒకేసారి కలపడం, అత్యవసరమైతే 108కి గాని 112కి గాని ఫోను చేయడం తెలిసి ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండినవారిని మైనరు ఖాతా మార్పించుకోవడానికి బ్యాంకుకు ఒంటరిగా పంపండి. ఏదో కాగితం లేదని తిప్పి పంపితే, మర్నాడు మళ్లీ వారే వెళ్లాలి.

చివరి వారంలో మీరు నాలుగు రోజులు బంధువుల ఊరికి వెళ్లండి. ఫ్రిజ్ నింపి పెట్టకండి. రాత్రి ఒక్కసారే ఫోను చేసి, ఏం తిన్నావని మాత్రం అడగకండి. తిరిగి వచ్చాక సింకులో గిన్నెలు కనిపించినా చీపురు, పీచు అందుకోకుండా, నోటుపుస్తకం తెప్పించుకుని పక్కన కూర్చోండి. ఆ నాలుగు రోజుల్లో ఎక్కడ చేతకాలేదో వారినే చెప్పమని, ప్రయాణానికి మిగిలిన రోజుల్లో ఆ పని ఒక్కటే మళ్లీ చేయించండి.