మూతి ఖాళీగా ఉన్నంత మాత్రాన తూటా ఖాళీ కాదు

గత నెల డాలస్ దగ్గర మాకు తెలిసిన ఒకాయన దీపావళి మేళాలో అమ్మడానికి తూటా తొడుగులతో కమ్మలు చేస్తూ, కొక్కెం కోసం ఒక తొడుగు అడుగున డ్రిల్ పెట్టగానే అది పేలి, ఇత్తడి చీలిక ఆయన బొటనవేలిలో దిగబడింది. కళ్ళద్దాలు ఉండబట్టి కన్ను దక్కింది. ఆ తొడుగులో గుండు లేదు, తుపాకీ మందూ లేదు. పేలింది అడుగున పెసరగింజంత ఉండే ప్రైమర్, అంటే దెబ్బ తగలగానే పేలి మందును అంటించే చిన్న బిళ్ళ.

ఈ పనిలో నేను చూసిన దెబ్బలన్నిటికీ మూలం ఒక్కటే, మూతి ఖాళీగా కనిపిస్తే తొడుగు ఖాళీ అనుకోవడం. పేలకుండా మిగిలిన తూటా నుంచి గుండు పీకి, మందు ఒలకబోసి, ఆ ఇత్తడిని చవకగా అమ్మేవారున్నారు. దానిలో ప్రైమర్ బతికే ఉంటుంది. ప్రైమర్ మీద గుంట ఉంది కదా అని ధీమా పడవద్దు, ఎందుకంటే ఫైరింగ్ పిన్ (తుపాకీలో ప్రైమర్‌ను కొట్టే సూది) సరిగా తగలక పేలని తూటాకూ ఆ గుంట పడుతుంది. గుంట చూశాక మూతిలోకి లైటు వేసి చూడాలి. నిజంగా పేలిన తొడుగు లోపల మసి పట్టి ఉంటుంది. లోపల మెరుస్తున్నా, మందు పలుకులు కనిపించినా దాన్ని విప్పే ప్రయత్నం చేయకుండా షూటింగ్ రేంజ్ వాళ్ళకు అప్పగించాలి. నూనెలో నానబెడితే ప్రైమర్ చచ్చిపోతుందన్న మాట నమ్మవద్దు.

పేలినదని తేలాక కూడా, డీక్యాపింగ్ డై అనే పనిముట్టుతో ప్రైమర్‌ను బయటికి నెట్టి, అడుగు రంధ్రంలోంచి వెలుతురు కనిపించిన తరువాతే రంపమైనా, డ్రిల్ అయినా, మంటయినా పెట్టాలి. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న రకం తూటాకు విడిగా ప్రైమర్ ఉండదు, పేలే పదార్థం అంచు లోపల చుట్టూ ఉంటుంది కనుక దాని జోలికే వెళ్ళవద్దు.

ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. నేను మొదటిసారి రెండు గుప్పెళ్ళ తొడుగులు కడిగినప్పుడు బకెట్టు నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి. పొడిగా రుద్దితే అదంతా దుమ్మై మన ఊపిరిలోకీ, పిల్లలు పాకే నేల మీదకీ చేరుతుంది. అందుకే సబ్బు నీళ్ళలో తడిగానే శుభ్రం చేయాలి. వంటింటి సింకులో చేయవద్దు. గర్భిణులు ఈ పని ముట్టుకోవద్దు.

ఈ ఇత్తడిలో దాదాపు 30 శాతం జింకు ఉంటుంది, అది 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. టంకం పెట్టేటప్పుడు మంట ఎక్కువై తెల్లటి పొగ లేచిందంటే వెంటనే ఆపి బయటికి రండి. పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

కొనకు రంగు వేసిన గుండును ముట్టుకోవద్దు, అది నిప్పు పుట్టించే రకం కావచ్చు. నికెల్ పూత ఉన్న తెల్లటి తొడుగులతో కమ్మలు చేయవద్దు, కొందరికి చెవులు పుండ్లు పడతాయి. పని మధ్యలో ఏమీ తినవద్దు, టీ కూడా తాగవద్దు. పని బట్టలు విడిగా ఉతకండి. ఇంకొకరు చూశామని చెప్పినా, మళ్ళీ మీరే మూతిలోకి లైటు వేసి చూడండి. ఈ నగ వేసుకుని హైదరాబాద్ విమానం ఎక్కవద్దు, సూట్‌కేసులోనూ పెట్టవద్దు. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, స్కానర్ తెర మీద నగ కూడా తూటాలాగే కనిపిస్తుంది. ఎవరైనా పేలని పూర్తి తూటా తెచ్చి లాకెట్టు చేసిపెట్టమంటే, ఎంత దగ్గరివారైనా, ఎంత బతిమాలినా చేయవద్దు.