కొత్త విడుదలను సిద్ధం చేయడం

విజయవాడలో మేము కొందరం కలిసి నిర్వహిస్తున్న పైథాన్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునేందుకు పైథాన్ భాషలో రాసి ఉంచిన కోడ్) విడుదలకు ముందు మొదట తేల్చుకునేది వెర్షన్ సంఖ్య. పాత ప్రోగ్రాములు పనిచేయకుండా పోయే మార్పు ఉంటే మొదటి అంకెను, పాతవాటికి భంగం లేకుండా కొత్త సౌకర్యం చేరితే రెండవ అంకెను, దోషాలు మాత్రమే సరిదిద్దితే మూడవ అంకెను పెంచాలి, అందుచేత 2.4.1 తరువాత కొత్త సౌకర్యం చేరితే అది 2.5.0 అవుతుంది.

మార్పుల చిట్టాలో గిట్ లాగ్‌ను, అంటే కోడ్‌లో చేసిన మార్పులను గిట్ అనే సాధనం నమోదు చేసే జాబితాను, యథాతథంగా అతికించకుండా, గుంటూరు మిర్చి యార్డులో లెక్కలకు ఈ లైబ్రరీని వాడుకునే వ్యక్తికి సైతం ఏమి మారిందో అర్థమయ్యేలా రాయాలి. నా దృష్టిలో కోడ్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

పరీక్షలన్నీ నెగ్గిన కమిట్‌కే (గిట్‌లో నమోదైన కోడ్ స్థితికే) వెర్షన్ సంఖ్యతో ట్యాగ్ అనే గుర్తు వేసి, ప్యాకేజీని కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్ అమరికలో) ఇన్‌స్టాల్ చేసి చూశాకే పైథాన్ ప్యాకేజీలను అందరికీ అందుబాటులో ఉంచే పైపీఐ (PyPI) అనే వెబ్‌సైట్‌కు ఎక్కించాలి. ఒకసారి ఎక్కించిన ఫైలును తొలగించినా అదే పేరుతో మళ్లీ ఎక్కించడానికి పైపీఐ అనుమతించదు కాబట్టి, పొరపాటు దొర్లితే 2.5.1 విడుదల చేయాలి.