గోడ రంగుల పాఠాలు – 4: పక్క రంగు చేసే మాయ

దగ్గర దగ్గరగా ఉండే రెండు బూడిద రంగుల్లో ఒకటి ఎంచుకోవాలంటే రెండింటినీ గోడ మీద పూసి చూడమని గత పాఠంలో చెప్పాను గానీ, ఎలా పూయాలో వివరించలేదు. ఆ పొరపాటు నాదే. అమెరికాలో ఉంటున్న పాఠకులు కొందరు షెర్విన్ విలియమ్స్ అనే రంగుల కంపెనీ వారి అగ్రీయబుల్ గ్రే, రిపోజ్ గ్రే అనే ఆ రెండు రంగులను పాత పసుపు గోడ మీద జానెడు మేర పక్కపక్కనే పూసి, రెండోది నీలంగా కనబడుతోందని, డబ్బా మారిపోయిందేమోనని రాశారు. డబ్బా మారలేదు.

రంగు తన మీద పడిన వెలుతురులో నూటికి ఎంత వంతు తిరిగి చిమ్ముతుందో చెప్పే కొలతను ఎల్.ఆర్.వి. అంటారు. ఆ కొలతలో మొదటిది 60, రెండోది 58 కనుక ఏది లేతదన్న ప్రశ్నను వదిలేయండి. తేడా అంతా లోపలి ఛాయలోనే ఉంది: మొదటిదానిలో ఇసుక వెచ్చదనం ఎక్కువ, రెండోది కాస్త చల్లని బూడిద.

అయితే ఏ రంగూ కంటికి ఒంటరిగా అందదు. పసుపు రాసిన గడప మీద బియ్యప్పిండి ముగ్గు ఎంత చల్లని తెలుపుగా మెరుస్తుందో, అదే పిండి స్టీలు పళ్లెంలో ఎంత మామూలుగా ఉంటుందో గమనించండి. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్లదారం వెలిసినట్లుందన్న ఫిర్యాదును పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగుల ప్రభావమే కారణమని గుర్తించి, 1839లో దాని మీద పెద్ద గ్రంథమే ప్రచురించారు. మీ పసుపు గోడ చేసిందీ అదే: తనకు వ్యతిరేకమైన నీలి ఛాయను బూడిద రంగుకు అంటగట్టింది. రెండు మచ్చలను ఆనించి పూస్తే అవి కూడా ఒకదాని ఛాయను మరొకటి పెంచి చూపిస్తాయి. రేపు గోడ నిండా ఒక్క రంగే ఉన్నప్పుడు ఆ తేడా అంతగా కనబడదు.

అందుకని రెండడుగుల అట్టలు రెండు తీసుకుని, తెల్ల ప్రైమర్ మీద రెండేసి కోట్లు వేసి, చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదలండి. ఒక అట్టను చూసేటప్పుడు రెండోది పక్క గదిలో ఉండాలి. ఉత్తరపు కిటికీ ఒక్కటే ఉన్న గదికి నేనైతే ఆలోచించకుండా అగ్రీయబుల్ గ్రే వేయిస్తాను, ఎందుకంటే ఆ వెలుతురులోనే నీలం ఉంటుంది.

అభ్యాసం: మూడు రోజులు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, దీపాలు వేశాక, ఒక్కో అట్టను కిటికీ పక్క గోడకూ ఎదుటి గోడకూ ఆనించి చూసి, కనబడిన ఛాయను ఒక్క మాటలో రాయండి. ఫోన్‌లో ఫొటోలు తీసి పోల్చవద్దు. కెమెరా తెలుపును తనంతట తానే సర్దేస్తుంది.