పాత బొమ్మల కార్యక్రమాల క్యాసెట్లను కాపాడుకునే విధానం

1969లో అమెరికాలో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల బొమ్మల టీవీ కార్యక్రమం పాత ఎపిసోడ్లు సుమారు 200 దాకా 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే ఆన్‌లైన్ వీడియో సేవ నుంచి తొలగిపోయాయి కనుక, అటువంటి బొమ్మల కార్యక్రమాన్ని ఒకప్పుడు మీ ఇంట్లో రికార్డు చేసి ఉంటే ఆ క్యాసెట్‌ను దయచేసి పారవేయవద్దు.

నెల్లూరు, కావలి వంటి తీరప్రాంతపు ఊళ్లలో అటక మీది క్యాసెట్లకు తేమ వల్ల బూజు పడుతుంది. ముందుగా మూత ఎత్తి వెలుతురులో చూడాలి. టేపు చుట్ల మీద తెల్లని పొడి కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకూడదు, ఎందుకంటే ఆ బూజు వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్‌కు అంటుకొని తరువాత పెట్టే క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది. టేపు శుభ్రంగా ఉంటే, క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచివేయాలి. అలా చేస్తే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు; నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.

తరువాత వీసీఆర్‌ను వీడియోను కంప్యూటర్ ఫైలుగా మార్చే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌కు కలపాలి. రెండు గంటల క్యాసెట్‌కు రెండు గంటలూ పడుతుంది. మధ్యలో వచ్చే ప్రకటనలను కత్తిరించవద్దు. ఆ భాగం ఎప్పుడు ప్రసారమైందో తేల్చడానికి అవే ఆధారమవుతాయి. ఫైలును రెండు వేర్వేరు హార్డ్ డిస్కులలో దాచి, అసలు క్యాసెట్‌ను పొడిచోట నిలువుగా నిలబెట్టాలి.